ఓడలో డాక్టరు ఉండరు, మరి జబ్బు చేస్తే?

కావలి నుంచి అడిగిన అమ్మగారికి నమస్కారం. మీ అబ్బాయి డెక్ క్యాడెట్‌గా, అంటే ఆఫీసరు పని నేర్చుకునే కుర్రవాడిగా, బొగ్గు ఓడ ఎక్కబోతున్నాడని, ఓడలో డాక్టరు ఉండరని ఎవరో చెప్పినప్పటి నుంచి మీకు నిద్ర పట్టడం లేదని రాశారు. జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, ఇక్కడి నుంచి ఏ మందులు కట్టి పంపాలి అని అడిగారు. మాది నెల్లూరు. ఇరవై రెండేళ్లు సరుకు ఓడల్లో పనిచేశాను. అందులో ఆరేళ్లు సెకండ్ ఆఫీసర్‌గా ఓడ ఆస్పత్రి తాళాలు నా దగ్గరే ఉండేవి. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మీరు విన్నది నిజమే. నౌకా కార్మికుల కోసం 2006లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, 100 మంది లేదా అంతకు మించి మనుషులతో మూడు రోజులకు పైబడి విదేశీ ప్రయాణం చేసే ఓడలోనే డాక్టరు తప్పనిసరి. సరుకు ఓడలో ఉండేది ఇరవై, పాతికమంది. అయితే 15 మందికి తగ్గకుండా సిబ్బంది ఉండి అంత దూరం వెళ్లే ఓడలో ఆస్పత్రి కోసం ఒక గది విడిగా ఉండాలి. మంచం, ఆక్సిజన్ సిలిండరు, స్ట్రెచరు, మందుల బీరువా అందులో ఉంటాయి. మార్ఫిన్ లాంటివి కెప్టెన్ దగ్గర ఇనప్పెట్టెలో ఉంటాయి. రోగిని చూసుకునే ఆఫీసరు దానికోసం ప్రత్యేకంగా శిక్షణ పొంది ఉంటాడు. చాలా ఓడల్లో ఆ పని సెకండ్ ఆఫీసరుదే.

అది ఎలా సాగుతుందో మీకు తెలియాలంటే నాకు జరిగిందే చెప్పాలి. 2014 జూలైలో దక్షిణాఫ్రికాలోని రిచర్డ్స్ బే రేవులో బొగ్గు నింపుకుని మన కృష్ణపట్నానికే వస్తున్నాం. మడగాస్కర్ దక్షిణ కొస దాటిన మరునాడు, తెల్లవారుజామున నాలుగింటికి డ్యూటీ దిగి గదికి వెళ్తుంటే, ఇంజన్ రూములో పనిచేసే ఆయిలర్ ఒకతను నడవాలో గోడ పట్టుకుని సగానికి వంగి నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి నొప్పి అంటే ఇప్పుడే మొదలైందన్నాడు. ఆస్పత్రి గదిలో పడుకోబెట్టి మళ్లీ అడిగితే రెండు రోజులైందన్నాడు.

కెప్టెన్‌ను లేపాను. ఉపగ్రహ ఫోనులో 32 అనే కోడు నొక్కితే ఓడలకు వైద్య సలహా ఇచ్చే కేంద్రానికి కలుస్తుంది. రోగిని దింపుకోవడానికి సాయం కావాలంటే 38. మేము రోమ్ నగరంలోని సీఐఆర్ఎం కేంద్రంతో మాట్లాడాం. 1935లో మొదలైన సంస్థ అది. రేడియోకు ఆద్యుడైన మార్కోని దానికి తొలి అధ్యక్షుడు. ఏ దేశపు ఓడ అయినా, ఏ వేళలో అడిగినా అక్కడి వైద్యులు ఉచితంగా సలహా ఇస్తారు. ఆ డాక్టరుగారు ఒక్కొక్కటే అడిగారు. నొప్పి బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి దిగిందా? అక్కడ వేళ్లతో మెల్లగా నొక్కి చటుక్కున వదిలితే ఎక్కువవుతోందా? జ్వరం ఎంత, నాడి ఎంత, ఆఖరిసారి ఎప్పుడు తిన్నాడు? జ్వరం 101.5 డిగ్రీలు, నాడి 112. నేను చెయ్యి తీయగానే అతను పెట్టిన కేక ఫోనులో ఆయనకూ వినిపించి ఉంటుంది.

అపెండిసైటిస్ అన్నారు. నోటితో చుక్క నీళ్లు కూడా ఇవ్వవద్దు, సెలైన్ ఎక్కించి యాంటీబయాటిక్ నరానికే ఇవ్వండి, రెండు గంటలకోసారి నాడి, జ్వరం రాసి పంపండి అన్నారు. శిక్షణలో రబ్బరు చేతికి సూది పెట్టడమే తప్ప మనిషి నరానికి పెట్టడం నాకు అదే మొదలు. దక్షిణం నుంచి వచ్చే పెద్ద అలకు ఓడ పక్కలకు ఊగుతోంది. మొదటిసారి సూది నరం దాటిపోయింది. రెండోసారి నరం దొరికి రక్తం వెనక్కి చిమ్మినప్పుడు నా చొక్కా వీపంతా చెమటతో తడిసిపోయింది. సెలైన్ సీసా ఊగి గోడకు కొట్టుకుంటుంటే బ్యాండేజీ గుడ్డతో మంచం కొక్కేనికి కట్టాను. అతని పెదవులు ఎండిపోయి నీళ్లు, నీళ్లు అని అడుగుతుంటే, తడిగుడ్డతో పెదవులు తుడుస్తూ పక్కనే కూర్చున్నాను.

కెప్టెన్ ఓడను మారిషస్ వైపు తిప్పారు. పోర్ట్ లూయీకి రోజున్నర పట్టింది. అక్కడ పడవలో దింపి ఆస్పత్రికి తీసుకెళ్లారు. పొట్ట తెరిచేసరికి అపెండిక్స్ అప్పటికే పగిలి ఉందట. అయినా బతికాడు. కోలుకున్నాక మళ్లీ ఓడెక్కాడు కూడా.

అమ్మా, నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆ రెండు రోజుల గురించే. అతను ఎందుకు దాచాడో తర్వాత ఫోనులో చెప్పాడు. జబ్బని చెబితే కాంట్రాక్టు మధ్యలోనే దింపేస్తారని, మళ్లీ పిలవరని, ఇంటి అప్పు అలాగే ఉందని. మొదటి రోజే నా తలుపు తట్టి ఉంటే మేము రిచర్డ్స్ బేకు ఇంకా దగ్గరలోనే ఉన్నాం. సముద్రం మీద వైద్యమంటే చాలావరకు దూరాల లెక్క. ఓడ రోజుకు దాదాపు 300 నాటికల్ మైళ్లు పోతుంది. హెలికాప్టర్లు తీరం నుంచి ఎక్కువ దూరం రాలేవు. దాచిన ప్రతి రోజూ ఆస్పత్రి అంత దూరమైపోతుంది. క్యాడెట్లు మరీ దాస్తారు, పై ఆఫీసర్లు బలహీనుడనుకుంటారని. కాలిన చేతికి టూత్‌పేస్టు రాసుకుని నాలుగు రోజులు చేతి తొడుగు కింద దాచిన కుర్రవాడిని నేను చూశాను. మీ అబ్బాయికి ఈ ఒక్క మాట పది సార్లు చెప్పండి.

ఆ భయాన్ని పోగొట్టే హక్కులు కూడా అతనికి తెలిసి ఉండాలి. మొదట్లో చెప్పిన 2006 నాటి ఒప్పందం 2013 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. మన దేశం 2015లో ఆమోదించింది. దాని ప్రకారం ఓడలో ఉన్నంతకాలం, విదేశీ రేవులో దించినా, వైద్యం ఖర్చు ఓడ యజమానిదే. అత్యవసరమైన పంటి వైద్యమూ అందులోకే వస్తుంది. వీలున్న రేవులో డాక్టరు దగ్గరికి పంపమని అడగవచ్చు. జబ్బుతో ఇంటికి పంపేస్తే ఆ ప్రయాణం ఖర్చూ వారిదే. జబ్బు చేసిన రోజు నుంచి కనీసం 16 వారాల వరకు యజమాని ఈ బాధ్యతను వదిలించుకోవడానికి వీల్లేదు. ఇవన్నీ దక్కాలంటే సరైన కాగితాలతో ఎక్కాలి. మీ ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ షిప్పింగ్ డైరెక్టరేట్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు, అంటే ఓడ ఉద్యోగాలకు మనుషులను పంపే అనుమతి, ఉందో లేదో డబ్బు కట్టకముందే చూడండి. అది లేనివాడి చేతుల మీదుగా వెళ్లిన పిల్లవాడు పరాయి దేశపు ఆస్పత్రిలో పడితే అడిగే దిక్కుండదు.

బొగ్గు ఓడ అన్నారు కనుక ఇంకొకటి. మన పల్లెల్లో పాడుబడిన బావిలోకి ఒకడు దిగి పడిపోతే, వాణ్ణి తీయబోయి రెండోవాడు, మూడోవాడు పోవడం విన్నాం కదా. ఓడలో మూసి ఉంచిన బొగ్గు అరలు, నీటి ట్యాంకులు అచ్చం అలాంటివే. బొగ్గు, తుప్పు అక్కడి ఆక్సిజన్‌ను తినేస్తాయి. ఆక్సిజన్ తగ్గిన సంగతి వాసనకు తెలియదు, కంటికి కనబడదు. గాలిని కొలిచి, అనుమతి కాగితం రాసి ఇచ్చేదాకా ఎవరు దిగమన్నా దిగకూడదు. లోపల పడి ఉన్నది ప్రాణ స్నేహితుడైనా సరే, శ్వాస పరికరం లేకుండా వెంట దిగకూడదు.

ఒంటరితనం గురించి మీరు అడగలేదు. కానీ మొదటి మూడు నెలలు అదే పెద్ద బాధ. వారానికి ఒక్కసారైనా మాట్లాడేలా చూడండి. మాట తగ్గినా, నిద్ర పట్టడం లేదన్నా తేలిగ్గా తీసుకోకండి. సీఫేరర్ హెల్ప్ అనే ఉచిత సహాయ కేంద్రం రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఆ నంబరు ముందే ఫోనులో పెట్టుకోమనండి.

మీకు దగ్గరే ఉన్న జువ్వలదిన్నె నుంచి చేపల వేటకు పోయే వారికి ఈ గది, ఈ బీరువా ఏవీ ఉండవు. మీ వాళ్లలో ఎవరైనా ఆ పనిలో ఉంటే కోస్ట్ గార్డ్ ఉచిత నంబరు 1554 వారికి చెప్పండి. సిగ్నల్ లేని చోట వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్.

ఇక బయలుదేరే ముందు. వైద్య పరీక్షను షిప్పింగ్ డైరెక్టరేట్ ఆమోదించిన డాక్టరు దగ్గరే చేయించాలి. ఆ సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది. ఉబ్బసం, మూర్ఛ లాంటివేమైనా ఉంటే అక్కడ దాచవద్దు. పళ్లన్నీ కావలిలోనే చూపించి, పుచ్చినవి బాగు చేయించండి. పంటి నొప్పితో వారాల తరబడి సముద్రం మీద ఉండటం ఎంత నరకమో నేను చూశాను. ఆఫ్రికా రేవులకు వెళ్తాడంటే ఎల్లో ఫీవర్ టీకా కావాలి. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. సర్టిఫికెట్ టీకా వేసిన పది రోజుల తర్వాతే చెల్లుతుంది కనుక ఆఖరి వారం దాకా ఆగకండి.

మందులు సంచులకొద్దీ కట్టవద్దు. మామూలువన్నీ ఓడలో ఉంటాయి. అతను రోజూ వాడేది ఏదైనా ఉంటే కాంట్రాక్టు కాలానికి సరిపడా, డాక్టరు చీటీతో సహా పెట్టి, ఎక్కగానే కెప్టెన్‌కు చూపించమనండి. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు అసలే పెట్టకండి, గల్ఫ్ రేవుల్లో వాటి వల్ల జైలు పాలైనవారున్నారు. మీరు కట్టిచ్చే మసాలా పొడిలో గసగసాలు కూడా వేయకండమ్మా. ఎమిరేట్స్‌లో అవి నిషేధం.