మూలకణానికి చోటే ముఖ్యం

ప్రశ్న: మూలకణాలను రక్తంలోకి ఎక్కిస్తే అవి దెబ్బతిన్న అవయవాన్ని వెతుక్కుంటూ వెళ్లి, ఆ అవయవపు కణాలుగా మారిపోతాయని ఒక ప్రకటనలో చదివాను. ఇది నిజమేనా? మూలకణాల మీద పరిసరాల ప్రభావం ఎంత?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ప్రభావం చాలా ఎక్కువ. ఆ ప్రకటన చెప్పకుండా వదిలేసింది దాన్నే. రక్త మూలకణం (అన్ని రకాల రక్తకణాలను పుట్టించే కణం) ఎముక మజ్జలో తనకంటూ ఉన్న ఒక ప్రత్యేకమైన చోట, పొరుగు కణాల ఆసరాతో ఉన్నంతకాలమే మూలకణంగా నిలుస్తుందని బ్రిటిష్ శాస్త్రవేత్త రే స్కోఫీల్డ్ 1978లోనే ప్రతిపాదించారు. మజ్జ మార్పిడిలో సిర ద్వారా ఎక్కించిన రక్త మూలకణాలు మజ్జకు చేరుకునే మాట వాస్తవమే. అక్కడి కణాలు విడుదల చేసే ఒక ప్రోటీన్ వాటిని రప్పిస్తుంది. అయితే అవి చేరుతున్నది తమ సొంత చోటికి. గుండెకో మెదడుకో వెళ్లి ఆ కణాలుగా మారడం వేరే సంగతి.

పరిసరాలంటే రసాయనాలు మాత్రమే కావు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డెనిస్ డిషర్ బృందం మనిషి మజ్జ నుంచి తీసిన మెసెంకైమల్ మూలకణాలను (ఎముక, మృదులాస్థి, కొవ్వు కణాలుగా మారగలవి) ఒకే పోషక ద్రవంలో, వేర్వేరు గట్టిదనం గల జెల్‌ల మీద పెంచి, 2006లో ఫలితాలను ప్రచురించింది. మెదడంత మెత్తగా, సుమారు 1 కిలోపాస్కల్ (గట్టిదనానికి కొలమానం) ఉన్న జెల్ మీద కణాలు నాడీకణాల లక్షణాలను, 10 కిలోపాస్కల్‌ల దగ్గర కండర లక్షణాలను, 25–40 కిలోపాస్కల్‌ల మధ్య ఎముక లక్షణాలను చూపాయి. కణం తన లోపలి మయోసిన్ అనే ప్రోటీన్ బలంతో కింది ఉపరితలాన్ని లాగి, దాని బిగువును పసిగడుతుంది. మయోసిన్‌ను అడ్డుకున్నప్పుడు ఈ తేడాలు కనిపించలేదు. ఇది ప్రయోగశాల పళ్లెంలో తేలిన విషయమే తప్ప చికిత్స కాదని గుర్తుంచుకోవాలి.

ఆక్సిజన్ సంగతీ అంతే. గాలిలో అది 21 శాతం ఉంటే, మజ్జలో చాలాచోట్ల 4 శాతం లోపే. ఎలుకల మజ్జను, మనుషుల బొడ్డుతాడు రక్తాన్ని గాలి తగలకుండా 3 శాతం ఆక్సిజన్‌లో సేకరిస్తే మరిన్ని మూలకణాలు దక్కాయని ఇండియానా విశ్వవిద్యాలయంలోని హాల్ బ్రాక్స్‌మేయర్ బృందం 2015లో చూపింది.

చికిత్సలో ఈ పరిసరాలెంత కీలకమో తెలియాలంటే మన హైదరాబాద్‌కే రావాలి. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) పైపొరను నిత్యం కొత్తగా నిర్మించే మూలకణాలుంటాయి. కంట్లో సున్నమో ఆమ్లమో పడి అవి నశిస్తే చూపు మసకబారుతుంది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు రూపొందించి 2012లో ప్రచురించిన పద్ధతిలో, బాగున్న కంటి అంచు నుంచి 2 మిల్లీమీటర్ల చదరపు ముక్కను తీసి, దాన్ని చిన్న తునకలుగా చేసి, దెబ్బతిన్న కంటి మీద పరచిన ఉమ్మనీటి సంచి పొరపై ఫైబ్రిన్ (రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్) జిగురుతో అతికిస్తారు. కణాలు పెరగడానికి ఆధారం ఆ పొరే. అయినా కంటిలో వాపు తగ్గకముందు, కన్నీరు తగినంత లేనప్పుడు, రెప్పలు సరిగా మూసుకోనప్పుడు అతికించిన కణాలు నిలవడం కష్టం. అందుకే వైద్యులు ముందు వాటిని సరిచేసి, ఆ తర్వాతే ఈ శస్త్రచికిత్సకు పూనుకుంటారు.