నూనె డబ్బా పట్టించింది

ప్రశ్న: మేడమ్‌ గారూ, మాది గాజువాక. మా వారికి 46 ఏళ్ళు, 72 కిలోలు. ప్లాంటులో కంట్రోల్ రూమ్ డ్యూటీ. మొన్న పరీక్షల్లో కొలెస్ట్రాల్ ఎక్కువుందని, కొవ్వు తగ్గించి ప్రొటీన్ బాగా తినమని చెప్పారు. ఆ రోజు నుంచి చేపలు, గుడ్లు మానిపించేశాను. ప్రొటీన్ పౌడర్ కొందామంటే డబ్బా రెండు వేల పైమాటే. మా అత్తగారు సోమ, శనివారాలు నీచు వండనివ్వరు. ఇంట్లో నలుగురం. ఐదు లీటర్ల నూనె డబ్బా 25వ తారీఖుకే అయిపోతోంది, మా ఖర్చులు అలా ఉన్నాయి. ఏం పెట్టమంటారు?
– ఒక గృహిణి, గాజువాక

జవాబు: అమ్మా, ఖర్చుల మాటలో మాటగా మీరు రాసిన ఆ నూనె డబ్బా మీదే నా కన్ను పడింది. ఐదు లీటర్లంటే సుమారు నాలుగున్నర కిలోలు. నలుగురికి 25 రోజులంటే మనిషికి రోజుకు 45 గ్రాములు. కూర్చుని చేసే ఉద్యోగానికి 20–25 గ్రాములు చాలు. పాపం, చేపను వెళ్ళగొట్టి నూనెను ఇంట్లోనే ఉంచుకున్నారు!

ఇక ప్రొటీన్. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. మీ వారికి 60 గ్రాములు. రెండు పూటల అన్నానికి పావుకిలో బియ్యం వేసుకుంటే అందులోనే 18 దాకా వస్తుంది. 50 గ్రాముల కందిపప్పులో 11, రెండు చిన్న గిన్నెల పెరుగులో 6. మిగిలిన పాతిక కోసం పౌడర్ డబ్బా కొనాలా? అరచేతంత చేప ముక్క, ఒక గుడ్డు చాలవూ!

పప్పంటే ముద్దపప్పో, ఆకుకూర పప్పో. పప్పుచారు కాదు. మా ఇంట్లోనే ఒక పెద్దమనిషి రెండు గ్లాసులు పప్పుచారు తాగి ‘ఈ పూటకి నా ప్రొటీన్ అయిపోయింది’ అంటారు. గుప్పెడు పప్పును ఆరుగురికి చారు కాస్తే తలా రెండు గ్రాములు కూడా రావు. ఆయనకి చెప్పి చెప్పి వదిలేశాను.

ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే నేను ముందు సూర చేప (ట్యూనా) కోసం చూస్తాను. కండ ఎర్రగా ఉంటుందని చాలామంది దాని వంక చూడరు. కానీ 100 గ్రాముల్లో 22కు తగ్గకుండా ప్రొటీన్, కొవ్వు మాత్రం గ్రాము అటూ ఇటూ. ముక్కలకు ఉప్పు, పసుపు, కారం, నిమ్మరసం పట్టించి ఓ పావుగంట ఉంచండి. దోసె పెనం మీద ఒక్క చెంచా నూనె రాసి, మూతపెట్టి, ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు. అంతకు మించితే చెక్కముక్కే. రెండుసార్లు చెక్క తిన్నాక తెలిసింది నాకు.

కవళ్ళలో (సార్డిన్ చేపలు) కొవ్వుంటుంది. అది గుండెకు మేలు చేసే ఒమేగా–3 ఉన్న కొవ్వు, భయపడకండి. పులుసు మీద నూనె తేలకపోతే అత్తగారు ఊరుకోరంటారా? కవళ్ళ పులుసు పెట్టండి, చేప నూనే పైకి తేలుతుంది. పోపుకి రెండు చెంచాలు వేస్తే చాలు, ఆవిడకి అనుమానం రాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, అప్పుడు చెరువు చేపలు శీలావతి, బొచ్చె ఉంటాయి. చికెనైతే తోలు తీయించి, ఛాతీ ముక్కలు అడగండి. గుడ్డులో కొవ్వంతా పచ్చసొనలోనే. మీ వారికి పచ్చసొన వారానికి మూడు నాలుగు చాలు, మిగతా రోజుల్లో రెండేసి తెల్లసొనలు పెట్టండి.

సోమ, శనివారాలకి ఉలవలు. ఎడ్ల దాణా అని చిన్నచూపు చూస్తాం కానీ 100 గ్రాముల్లో ప్రొటీన్ 20 పైనే, కొవ్వు నామమాత్రం. రాత్రి నానబెట్టి, ఉడికించి, గుగ్గిళ్ళలో పచ్చి ఉల్లిపాయ, నిమ్మకాయ. ఉడికిన నీళ్ళు పారబొయ్యకండి, చారు కాయండి. మీల్ మేకర్ కూడా మంచిదే, ఎండుగా తూస్తే సగం ప్రొటీనే. కాకపోతే స్పాంజిలా నూనె తాగేస్తుంది. వేయించకుండా, గట్టిగా పిండి, నేరుగా కూర పులుసులో వెయ్యండి. పనీర్‌ని మాత్రం నీచుకి బదులు అనుకోకండి, ప్రొటీన్ ఎంతో కొవ్వూ ఇంచుమించు అంతే. వేరుశనగ గుళ్ళలోనూ దాదాపు సగం నూనే.

మీ వారి రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే లెక్క) ఎక్కువుంటే ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి ముందు డాక్టరుగారిని అడగండి.

కొత్త డబ్బా తెరిచిన రోజున దాని మీద పెన్నుతో తేదీ వెయ్యండి. నలుగురికీ 45 రోజులు రావాలి. ఎన్నాళ్ళు వచ్చిందో నాకు ఓ కార్డు ముక్క రాయండి.