ఆపరేషన్ అయింది కదా అని చేతిలో డబ్బు ఖాళీ చేయకండి

ప్రశ్న: మాది విజయవాడ. మా వారికి (39) పది రోజుల క్రితం కిడ్నీ మార్పిడి జరిగింది. మా అత్తగారే కిడ్నీ ఇచ్చారు. వచ్చే వారం డిశ్చార్జ్ అంటున్నారు. ఆయన జీతం 48 వేలు. మూడు నెలలు జీతం లేని సెలవు పెట్టారు. ఆఫీసు వాళ్ల ఆరోగ్య బీమా 5 లక్షలూ అయిపోయాయి. బంగారం తాకట్టు పెట్టి 4 లక్షలు, లోన్ యాప్‌లో 90 వేలు తెచ్చాం. బంధువులు సర్దినదాంట్లో 2.80 లక్షలు మిగిలాయి. వీటితో వీలైనంత బంగారం విడిపించుకుని, మందులు క్రెడిట్ కార్డు మీద కొనుక్కుందాం అనుకుంటున్నాం. సరేనా?

జవాబు: వద్దండి. ఆపరేషన్ బిల్లు కట్టేశాక ఖర్చు అయిపోయిందనుకోవడం మీ ఒక్కరి పొరపాటు కాదు, ఇలాంటి కుటుంబాలు చాలా చేసేదే. అందుకే ఈ ఉత్తరానికి జవాబు రాస్తున్నాను. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా టాక్రోలిమస్, మైకోఫెనోలేట్ లాంటి మందులు ఆయన జీవితాంతం వేసుకోవాలి. మొదటి నెలల్లో మోతాదు ఎక్కువ. వైరస్ రాకుండా ఇచ్చే వాల్‌గాన్‌సైక్లోవిర్ కూడా రాస్తే ఖరీదు ఇంకా పెరుగుతుంది. పైగా కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్‌కీ, మందు మోతాదు సరిపోతోందో లేదో చూడడానికీ తరచూ రక్త పరీక్షలు ఉంటాయి. నెలకు 15, 20 వేలు కావడం మామూలే. డిశ్చార్జ్ దాకా ఆగకుండా మందుల చీటీ ఇప్పుడే అడిగి, ఆసుపత్రి ఫార్మసీలో నెలకు ఎంతవుతుందో లెక్క వేయించుకోండి. చౌకగా వస్తుందని డాక్టరుకు చెప్పకుండా మందు కంపెనీ మాత్రం మార్చకండి.

డిశ్చార్జ్ తర్వాతి మందుల బిల్లులు కూడా బీమా ఇస్తుందని కొందరు ధీమాగా ఉంటారు. అవి కూడా ఆ 5 లక్షల్లోంచే రావాలి. మీకు అవి ఎప్పుడో అయిపోయాయి.

ఇప్పుడు ఆ 2.80 లక్షల సంగతి. ముందు యాప్ అప్పు 90 వేలు ఈ రోజే తీర్చేయండి. ఆసుపత్రి బిల్లుకు లోన్ యాప్ ఏమిటండీ! వడ్డీ, ఫీజులు, ఆలస్యం అయితే జరిమానా, దానికి తోడు ఫోన్ల టెన్షన్. మళ్లీ ఆ వైపు చూడకండి. మిగిలిన 1.90 లక్షలు అత్యవసర నిధి. ఇంటి ఖర్చు పాతిక వేలు, మందులు, పరీక్షలు 20 వేలు అనుకుంటే మూడు నెలలకు 1.35 లక్షలు. బంగారం మీద వడ్డీకి ఓ 12 వేలు. మిగిలేది 43 వేలు. మొదటి నెలల్లో జ్వరం, ఇన్ఫెక్షన్, క్రియాటినిన్ పెరగడం, ఏది వచ్చినా మళ్లీ అడ్మిట్ చేయవచ్చు. ఆ రోజు అడ్వాన్సు కట్టేది ఈ 43 వేలతోనే. దీన్ని వేరే ఖాతాలో వేసి, ఏటీఎం కార్డు ఇంట్లో పెట్టేయండి.

బంగారం తొందరేమీ లేదు. వడ్డీ కడుతూ, గడువుకు ముందే రెన్యువల్ చేయించుకుంటే వేలం దాకా రాదు. క్రెడిట్ కార్డు బాకీ మీద చాలా బ్యాంకులు నెలకు 3.5 శాతం దాకా, అంటే ఏడాదికి 40 శాతం పైగా వడ్డీ వేస్తాయి. ప్రతి నెలా కొనే మందులను దాని మీద కొనడమంటే తీరని అప్పు తెచ్చుకోవడమే.

ఇంకా చాలకపోతే అప్పుకు వెళ్లకండి, వైద్యం కోసం పీఎఫ్ తీసుకోవచ్చు, అది తిరిగి కట్టక్కర్లేదు. ముఖ్యమంత్రి సహాయ నిధికి మీ ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెట్టండి, ఒరిజినల్ బిల్లులు ఇచ్చే ముందు జిరాక్స్‌లు తీసుకోండి. మీకూ పిల్లలకూ వేరే ఆరోగ్య పాలసీ తీసుకోండి, కానీ ఈ నెల కాదు.

ఆయన ఉద్యోగం మాత్రం వదలకూడదు. మార్పిడి అయిన మనిషికి కొత్తగా పాలసీ దొరకడం కష్టం, ఆఫీసు బీమాయే దిక్కు. జీతం లేని సెలవులో కూడా ఆ బీమా కొనసాగుతుందా, రెన్యువల్ ఏ నెలలో, అప్పుడు 5 లక్షలు మళ్లీ మొదటి నుంచి వస్తాయా, ఈ మూడూ హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి, జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకోండి.