ఆ ఎర్ర అక్షరాలు ఏం చెబుతున్నాయి?

జావాస్క్రిప్ట్ గురించి ఈసారి వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒకే ఫైలు చుట్టూ తిరిగాయి. అదే ప్యాకేజ్.జేసన్, అంటే ప్రాజెక్టుకి ఏయే ప్యాకేజీలు (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్) కావాలో రాసుకునే ఫైలు. ఎన్‌పీఎం దాన్ని చదివి ఆ ప్యాకేజీలను తెచ్చి వేస్తుంది, నోడ్ మన జావాస్క్రిప్ట్‌ని నడుపుతుంది. కోడ్ బాగా రాసేవాళ్లు కూడా దీని దగ్గరికొచ్చేసరికి కంగారుపడి, ఎక్కడో దొరికిన ఆదేశాలన్నీ వరసగా కొట్టేస్తున్నారు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే.

ప్రశ్న: సార్, బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాను. ప్రాజెక్టులో యాక్సియోస్ అనే ప్యాకేజీ కలపమని ఫ్రెండ్ వాట్సాప్‌లో ఒక లైను పంపితే ప్యాకేజ్.జేసన్‌లో పేస్ట్ చేశాను. అప్పట్నుంచి ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొడితే ఈజేసన్‌పార్స్ అని ఎర్రర్. కోట్స్ తేడాగా ఉన్నాయని ఎవరో చెబితే మార్చాను, మళ్లీ అదే ఎర్రర్. నోడ్‌ని రెండుసార్లు తీసేసి మళ్లీ వేశాను. వచ్చే వారం రివ్యూ ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. (కరీంనగర్)

జవాబు: నోడ్ జోలికి ఇక వెళ్లకండి, దాని తప్పేమీ లేదు. మీరు పంపిన ఫైల్లో ఆ భాగం ఇలా ఉంది:

"రియాక్ట్": "^18.2.0",
"యాక్సియోస్": "^1.6.0",
}

యాక్సియోస్ లైను చివర కామా చూశారా? దాని తర్వాత ఇంకో పేరు వస్తుందని ఎన్‌పీఎం ఎదురుచూస్తే బ్రాకెట్ ఎదురైంది. మామూలు జావాస్క్రిప్ట్‌లో చివరి కామా ఉన్నా నడిచిపోతుంది కాబట్టి మన వేళ్లకి అదే అలవాటు, కానీ జేసన్ ఒప్పుకోదు. సింగిల్ కోట్స్ కూడా కుదరవు, రెండు గీతలు పెట్టి కామెంట్ రాయడమూ కుదరదు. టైప్‌స్క్రిప్ట్ వాళ్ల టీఎస్‌కాన్ఫిగ్‌లో కామెంట్లు నడుస్తాయి, అది చూసి ఇక్కడా నడుస్తాయనుకుని చాలామంది దెబ్బతింటారు.

మీ కేసులో అసలు చిక్కు ఇంకొకటి. ఫైల్లో తప్పులు రెండున్నాయి. వాట్సాప్ నుంచి వచ్చిన వంకర కోట్స్ ఒకటి, చివరి కామా రెండోది. ఎన్‌పీఎం మొదటి తప్పు దగ్గరే ఆగిపోతుంది, దాని తర్వాత ఏముందో చూడదు. మీరు కోట్స్ సరిచేశాక అది ముందుకెళ్లి కామా దగ్గర ఆగింది. రెండుసార్లూ వచ్చిన వాక్యం ఒకటే, డబుల్ కోట్స్‌లో పేరు ఉండాలని. కానీ పక్కనున్న పొజిషన్ అంకె మారింది, మీరు పంపిన రెండు స్క్రీన్‌షాట్లలోనూ అది కనిపిస్తోంది. అంటే మీ మొదటి సవరణ పనిచేసింది, మీరే గమనించలేదు. ఇంకో సంగతి, ఎర్రర్ చూపించే చోటు ఎన్‌పీఎం ఆగిపోయిన చోటు మాత్రమే. తప్పు తరచూ అంతకు ముందు లైన్లోనే ఉంటుంది, అక్కడినుంచి చూడండి.

ఇకమీదట ఈ ఫైల్లోకి చేత్తో లైన్లు ఎక్కించకండి. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ యాక్సియోస్ అని కొడితే అదే సరైన చోట, సరైన కామాలతో రాసుకుంటుంది.

ప్రశ్న: అన్నా, హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నాను. మా ప్రాజెక్టులో రియాక్ట్‌ని (పేజీలు కట్టే లైబ్రరీ) 19కి పెంచాం. ఇప్పుడు ఏ ప్యాకేజీ వేయబోయినా ఈరిసాల్వ్ ఎర్రర్ వస్తోంది, తేదీలు ఎంచుకునే ఒక పాత లైబ్రరీ పేరు కనిపిస్తోంది. మా సీనియర్ ఇన్‌స్టాల్ ఆదేశం చివర --లెగసీ-పీర్-డెప్స్ తగిలించమన్నారు. తగిలిస్తే పనైపోతోంది. కానీ అది ఏం చేస్తుందో అడిగితే ఎవరూ చెప్పడం లేదు. అలాగే వదిలేయొచ్చా?

జవాబు: వదిలేయకండి. అడగడం మంచిపనే చేశారు, ఇది కాస్త వివరంగా చెప్పుకోవాల్సిన విషయం.

మిక్సీ జార్ కొంటే దాంతోపాటు మోటారు రాదు కదా, ఫలానా మోటారుకి సరిపోతుందని మాత్రం రాసి ఉంటుంది. పీర్ డిపెండెన్సీ అంటే అదే. ఆ తేదీల లైబ్రరీ తనతో రియాక్ట్‌ని తెచ్చుకోదు, మీ ప్రాజెక్టులో ఉన్నదాన్నే వాడుకుంటుంది. 17 గానీ 18 గానీ ఉంటేనే నేను పనిచేస్తానని దాని ప్యాకేజ్.జేసన్‌లో రాసి ఉంది. తనతో తెచ్చుకుంటే ఒకే పేజీలో రెండు రియాక్ట్‌లు చేరి హుక్స్ అనే రియాక్ట్ ఫంక్షన్ల దగ్గర గొడవ మొదలవుతుంది, ఇన్‌వాలిడ్ హుక్ కాల్ అనే ఎర్రర్‌కి ఉన్న కారణాల్లో అదొకటి. అందుకే ఈ ఏర్పాటు.

ఎన్‌పీఎం 3 నుంచి 6 దాకా ఇలాంటి తేడా వస్తే పసుపు రంగులో ఒక హెచ్చరిక ఇచ్చి ఊరుకునేది, ఎవరూ చదివేవాళ్లు కాదు. 2020 అక్టోబర్‌లో వచ్చిన ఎన్‌పీఎం 7 నుంచి పీర్‌లను కూడా అదే ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెట్టింది, లెక్క కుదరకపోతే ఆగిపోతోంది. మీ సీనియర్ చెప్పిన మాటకి అర్థం ఏమిటంటే, ఆ పాత పద్ధతిలోకి వెళ్లి పీర్‌లను పట్టించుకోకు అని. ఆ ఒక్క లైబ్రరీకే కాదు, ప్రాజెక్టులో ఉన్న అన్నిటికీ. రేపు నిజంగా చెడగొట్టే తేడా ఇంకోటి వచ్చినా మీకు ఎవరూ చెప్పరు.

ఆ ఎర్రర్ పొడుగ్గా ఉంటుంది గానీ అందులో పనికొచ్చేవి మూడే మాటలు. ఫౌండ్ అన్నచోట మీ దగ్గర ఏ వెర్షన్ ఉందో ఉంటుంది, పీర్ అన్నచోట అవతలివాడు ఏ వెర్షన్ అడుగుతున్నాడో ఉంటుంది, ఫ్రమ్ అన్నచోట అడుగుతున్నది ఎవరో ఉంటుంది. మీకు వచ్చినదాంట్లో ఫౌండ్ 19, పీర్ ^17 లేదా ^18. ఆ టోపీ గుర్తు అర్థం తెలిస్తే మిగతాది తేలిక: ^18.2.0 అంటే 18.2.0 నుంచి 19 లోపు ఏదైనా సరే, 19 మాత్రం వద్దు. (సున్నాతో మొదలయ్యే వెర్షన్లకి ఇదే గుర్తు ఇంకా బిగుతుగా పనిచేస్తుంది. ^0.4.2 అంటే 0.5.0 లోపే.)

ఇప్పుడు ఎన్‌పీఎం వ్యూ అని కొట్టి, ఆ లైబ్రరీ పేరు రాసి, పక్కన పీర్‌డిపెండెన్సీస్ అని రాయండి. దాని తాజా వెర్షన్ ఏం అడుగుతోందో అక్కడే చూపిస్తుంది. 19 కూడా ఉంటే లైబ్రరీని పెంచితే చాలు, చాలాసార్లు ఇక్కడితోనే అయిపోతుంది. లేకపోతే రియాక్ట్‌ని 18కి దించుకోవడం, లేదా ఆ లైబ్రరీని మార్చేయడం. ఏళ్ల తరబడి ఎవరూ తాకని లైబ్రరీ అయితే మార్చేయమనే నా సలహా. 19తో కూడా అది బాగానే నడుస్తోందని మీరు సొంతంగా పరీక్షించి చూసుకుంటే ఓవర్‌రైడ్స్ అనే దారి ఉంది, ఎన్‌పీఎం 8.3 నుంచి వచ్చింది. ప్యాకేజ్.జేసన్‌లో ఆ ఒక్క లైబ్రరీ పేరు కింద రియాక్ట్ విషయంలో నా వెర్షనే వాడుకో అని రాయొచ్చు. మినహాయింపు ఆ ఒక్కదానికే దక్కుతుంది, మిగతా తనిఖీలన్నీ అలాగే ఉంటాయి.

ఏదీ కుదరక లెగసీ దారే పట్టాల్సొస్తే, ప్రతిసారీ చేత్తో టైప్ చేయకుండా ప్రాజెక్టులోని .ఎన్‌పీఎంఆర్‌సీ ఫైల్లో పెట్టండి. ఆ ఫైల్లో # పెట్టి కామెంట్ రాసుకోవచ్చు. ఏ లైబ్రరీ కోసం పెట్టారో, ఎప్పుడు తీసేయొచ్చో అక్కడే రాయండి. మీ తర్వాత ఆ సీట్లో కూర్చునేవాళ్లు మీరు అడిగిన ఈ ప్రశ్నే అడుగుతారు.

ప్రశ్న: మిస్సింగ్ స్క్రిప్ట్ స్టార్ట్ అంటోంది. కోర్సు వీడియోలో మాత్రం ఎన్‌పీఎం స్టార్ట్ అనగానే పనిచేసింది. (ఖమ్మం)

జవాబు: వీడియోలోది క్రియేట్ రియాక్ట్ యాప్‌తో చేసిన ప్రాజెక్టు, మీది వీట్‌తో చేసింది. రెండూ కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టిచ్చే పనిముట్లే. వీట్‌లో ఆ స్క్రిప్ట్ పేరు డెవ్, కాబట్టి ఎన్‌పీఎం రన్ డెవ్ అని కొట్టండి. ఉత్తినే ఎన్‌పీఎం రన్ అని కొడితే మీ ప్రాజెక్టులో ఏ స్క్రిప్టులున్నాయో జాబితా వస్తుంది. ఎనోయెంట్ అని, ప్యాకేజ్.జేసన్ దొరకలేదని వస్తే మాత్రం మీరు వేరే ఫోల్డర్‌లో ఉన్నట్టు. విండోస్‌లో జిప్ విప్పితే తరచూ అదే పేరుతో ఫోల్డర్ లోపల ఇంకో ఫోల్డర్ ఏర్పడుతుంది, ఒక మెట్టు లోపలికి వెళ్లండి.

ప్రశ్న: సార్, పెళ్లయ్యాక ఏడేళ్లు ఉద్యోగానికి దూరంగా ఉండి ఇప్పుడు మళ్లీ నేర్చుకుంటున్నాను. ఇంపోర్ట్ వాడితే మాడ్యూల్ బయట వాడకూడదంటోంది. టైప్ అనే చోట మాడ్యూల్ అని పెడితే రిక్వైర్ అంటే ఏంటో తెలీదంటోంది. రెండింటి మధ్య నలిగిపోతున్నాను. (గుంటూరు)

జవాబు: తప్పు మీది కాదు. జావాస్క్రిప్ట్‌లో ఫైళ్లను కలిపే పద్ధతులు రెండున్నాయి. నోడ్ మొదట్నుంచీ వాడిన రిక్వైర్ ఒకటి, భాషలోకి తర్వాత వచ్చిన ఇంపోర్ట్ ఇంకోటి. ప్యాకేజ్.జేసన్‌లో టైప్ దగ్గర మీరు రాసే మాట, ఆ ఫోల్డర్‌లోని .జేఎస్ ఫైళ్లన్నిటినీ ఏ పద్ధతిలో చదవాలో చెబుతుంది. మాడ్యూల్ అని రాయగానే అన్నీ ఒక్కసారిగా కొత్త పద్ధతిలోకి వెళ్లాయి, రిక్వైర్ ఉన్న పాత ఫైలు ఇరుక్కుపోయింది.

కొత్తగా నేర్చుకుంటున్నారు కాబట్టి మాడ్యూల్ అనే ఉంచండి. మీ ఎర్రర్‌లో కనిపిస్తున్నది కాన్ఫిగ్ ఫైలు ఒక్కటే. దాని పేరు చివర .జేఎస్ తీసి .సీజేఎస్ అని పెట్టండి, ఆ ఒక్క ఫైలు పాత పద్ధతిలోనే నడుస్తుంది. ఇది సరయ్యాక ఇంకో ఎర్రర్ రావచ్చు, భయపడకండి. కొత్త పద్ధతిలో మీ సొంత ఫైళ్లను పిలిచేటప్పుడు పేరు చివర .జేఎస్ తప్పనిసరిగా రాయాలి. లేకపోతే ఫైలు కళ్లెదురుగా ఉన్నా దొరకలేదంటుంది. ఒకసారి మీ నోడ్ వెర్షన్ కూడా చూసుకోండి. 22.12 నుంచి కొత్త పద్ధతి ప్యాకేజీలను రిక్వైర్‌తో కూడా పిలవనిస్తోంది, కాబట్టి పాత సమాధానాల్లో కనిపించే తిప్పలు కొన్ని ఇప్పుడు అక్కర్లేదు.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో, టీమ్ వైజాగ్‌లో. నా లాప్‌టాప్‌లో అంతా నడుస్తుంది. సర్వర్‌లో ఎన్‌పీఎం సీఐ దగ్గర ప్యాకేజ్.జేసన్‌కీ లాక్ ఫైలుకీ పొంతన లేదంటుంది. లాక్ ఫైలు తీసేసి ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ పెడితే బిల్డ్‌లో వీట్ దొరకలేదంటుంది.

జవాబు: తీసేసిన లాక్ ఫైలుని గిట్ నుంచి ముందు వెనక్కి తెచ్చుకోండి. నేను ఒకప్పుడు పనిచేసిన చోట ఇలాగే ఒకరు లాక్ ఫైలు చెరిపేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశారు. మేము పేరు కూడా వినని ఒక లోపలి ప్యాకేజీ కొత్త వెర్షన్‌కి మారి, బిల్లుల మీద తేదీ ఒకరోజు వెనక్కి పడింది. మా కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు కాబట్టి కారణం కనుక్కోవడానికి రెండు రోజులు పట్టింది. ప్యాకేజ్.జేసన్‌లో రాసేది ఇంతలోపు ఏదైనా సరే అనే కోరిక, లాక్ ఫైల్లో ఉండేది నిజంగా వేసిన వెర్షన్. ఎన్‌పీఎం సీఐ అంటే లాక్ ఫైల్లో ఉన్నవే వేసే ఆదేశం, అది రెండింటినీ పోల్చి, తేడా ఉంటే ఆగిపోతుంది. ఆగడమే దాని పని.

మీ టీమ్‌లో ఎవరో ప్యాకేజ్.జేసన్ మార్చి, లాక్ ఫైలు పంపడం మరిచిపోయి ఉంటారు. మీ దగ్గర ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొట్టి, మారిన లాక్ ఫైలుని కమిట్ చేయండి. రెండు చోట్లా ఎన్‌పీఎం వెర్షన్ ఒకటేనా అని కూడా అడగండి. లాక్ ఫైలు పైభాగంలో లాక్‌ఫైల్‌వెర్షన్ అని ఉంటుంది. అది ఒకరు సేవ్ చేస్తే 1, ఇంకొకరు చేస్తే 3 అవుతుంటే ఒకరి ఎన్‌పీఎం పాతది.

వీట్ దొరకకపోవడం వేరే సంగతి. అది డెవ్‌డిపెండెన్సీస్‌లో (తయారీ సమయంలో మాత్రమే కావాల్సిన ప్యాకేజీల జాబితా) ఉంది, మీ సర్వర్‌లో నోడ్_ఎన్వ్ అనే సెట్టింగ్ విలువ ప్రొడక్షన్ అని పెట్టి ఉండి ఉంటుంది. అలా ఉంటే ఎన్‌పీఎం డెవ్ ప్యాకేజీలను వేయదు. బిల్డ్ చేసే చోట ఎన్‌పీఎం సీఐ వెనకాల --ఇన్‌క్లూడ్=డెవ్ తగిలించండి. ఆ తర్వాత కూడా ఏదో ఫైలు దొరకలేదంటే దాని పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం చూసుకోండి. విండోస్‌లో రెండూ ఒకటే, లైనక్స్ సర్వర్‌లో కాదు.