పీఎల్‌సీకి ఎనర్జీ మీటర్ జవాబివ్వడం లేదు, ఎక్కడ వెతకాలి?

ఆర్ఎస్-485 లైన్ (ఏ, బీ అనే రెండు వైర్ల మీద డేటా పంపే పద్ధతి) మీద మోడ్‌బస్ ఆర్టీయూతో (పరికరాలు మాట్లాడుకునే భాష) పీఎల్‌సీ, అంటే యంత్రాలను నడిపే కంట్రోలర్, మీటర్ చదవబోతే ఎర్రర్ వస్తోందని అడిగారు. ప్రోగ్రామ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి, ముందు ఆ ఎర్రర్ ఏమిటో చూడండి. టైమౌట్ అంటే మీటర్ నుంచి సరైన జవాబే రాలేదు. ఎక్సెప్షన్ కోడ్ 02 అయితే మీటర్ మీ మాట విని, ఆ రిజిస్టర్ (విలువ ఉండే నంబరు గడి) తన దగ్గర లేదని చెప్పినట్టు. అంటే వైరింగ్ బాగానే ఉంది. మాన్యువల్‌లో 40001 అని రాస్తే ఫ్రేమ్‌లో (పీఎల్‌సీ పంపే సందేశంలో) వెళ్లాల్సింది 0, ముందున్న 4 రిజిస్టర్ రకాన్ని మాత్రమే చెబుతుంది; కాబట్టి మిగతా నంబరులో ఒకటి తగ్గించి చూడండి.

టైమౌట్ అయితే ఏ, బీ వైర్లు అటూఇటూ మార్చండి. ఈ పేర్లను అన్ని కంపెనీలూ ఒకేలా వాడవు. మార్చినంత మాత్రాన పోర్టు పాడవదు, టెన్షన్ వద్దు. తర్వాత స్లేవ్ అడ్రస్ (లైన్‌లో మీటర్ నంబరు), బాడ్ రేట్ (డేటా వేగం), పారిటీ (తప్పు పట్టే అదనపు బిట్) రెండు వైపులా ఒకేలా ఉన్నాయో చూడండి. నాకు ఒకసారి పీఎల్‌సీ మీద టీఎక్స్ (పంపే) లైటు మిణుకుతూనే ఉంది, ఆర్ఎక్స్ (అందుకునే) లైటు ఒక్కసారీ వెలగలేదు. పూటంతా కేబుల్ వెతికాక తేలింది: మీటర్‌లో ఈవెన్ పారిటీ, పీఎల్‌సీలో నన్ (పారిటీ లేదు).

కాసేపు పనిచేసి తెగిపోతుంటే టర్మినేషన్ (లైన్ చివర్లలో పెట్టే రెసిస్టర్లు) చూడండి. 120 ఓమ్‌ల రెసిస్టర్ లైన్ రెండు చివర్లలోనే ఉండాలి. పవర్ ఆపి ఏ, బీ మధ్య మల్టీమీటర్ పెడితే దాదాపు 60 ఓమ్‌లు చూపాలి.