ఏడేళ్ల బాబుకి కరాటేనా, తైక్వాండోనా?
అక్కా, దిల్‌సుఖ్‌నగర్‌లో బాబుని దేంట్లో చేర్చాలి, ఏడాది ఫీజు ముందే కట్టమంటున్నారు అన్నారు కదా. కట్టకండి. నెలనెలా కడతామనండి, కుదరదంటే ఇంకో చోటు చూసుకోండి.

తైక్వాండోలో కాళ్ల పని ఎక్కువ, 2000 నుంచి ఒలింపిక్స్‌లో పతకాల ఆట. కరాటే టోక్యోలో ఒక్కసారే పెట్టారు. ఏడేళ్ల వాడికి ఆ తేడాతో పనేముంది, మాస్టారే ముఖ్యం. ఒక సాయంత్రం వెళ్లి క్లాసంతా కూర్చుని చూడండి. వార్మప్ లేకుండా కిక్కులు కొట్టించినా, చిన్నవాణ్ని పన్నెండేళ్ల పిల్లాడితో స్పారింగ్‌కి (ఇద్దరూ ఎదురెదురుగా తలపడే సాధనకి) దింపినా వచ్చేయండి. అసలు క్లాసు చూడనివ్వం అని వాళ్లంటే ఇక చెప్పేదేముంది!

బెల్టు పరీక్షల ఫీజు విడిగా ఎంతో ఇప్పుడే అడగండి, చాలాచోట్ల అసలు వాత అక్కడే. డ్రెస్సుకి తొందర లేదు, మొదట్లో ట్రాక్ ప్యాంటు, టీషర్టు చాలు. కాలిగోళ్లు మాత్రం కత్తిరించి పంపండి.