ఒక్క క్వెరీ దగ్గరే కూర్చో

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. కోట్ల వరుసలున్న టేబుళ్ల మీద నత్తనడక నడిచే క్వెరీల (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నల) గురించి తెలుగులో రాయాలనుకున్నందుకు ముందుగా సంతోషం. నీ రాతలో ఓపిక ఉంది, అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను.

ఇరవై చిట్కాలిచ్చావు. సెలెక్ట్ స్టార్ (అన్ని కాలమ్‌లూ అడగడం) వాడొద్దు, ఇండెక్స్ పెట్టు, జాయిన్లు (టేబుళ్లను కలపడం) తగ్గించు. వాటిలో చాలావరకు సరైనవే. కానీ రాత్రి పదకొండింటికి రిపోర్టు ఆగిపోయి, మేనేజర్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్న టెన్షన్‌లో నీ వ్యాసం తెరిచినవాడు దేనితో మొదలుపెట్టాలి? అది ఎక్కడా లేదు. ఇరవైలో పద్దెనిమిది తీసేసి, ఒక్క క్వెరీ పట్టుకుని కూర్చో.

అలాంటి రాత్రి నాకూ వచ్చింది. ఆర్డర్ల టేబుల్‌లో నాలుగు కోట్ల వరుసలు. రోజూ రాత్రి మరో మూడు లక్షల దాకా వచ్చి పడేవి. నెలల తరబడి ఇరవై సెకన్లలో వచ్చిన రిపోర్టు ఆ రోజు గంట దాటినా రాలేదు. కొత్త ఇండెక్స్ వేశాం. సర్వర్‌కి మెమరీ పెంచాం. క్వెరీని డేటాబేస్ ఏ దారిలో నడిపిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ కమాండ్ నడిపి చూడాలని తెల్లవారుజామున మూడింటికి గానీ నాకు తట్టలేదు. అప్పటిదాకా గడిచిన గంటలన్నీ వృథా అయ్యాయన్న బాధ ఇప్పటికీ ఉంది.

అది చూపించిన ప్లాన్‌లో, అంటే డేటాబేస్ ఎంచుకున్న దారిలో, ఒక లైను దగ్గర ఆగిపోయాను. ఆ తేదీ ఆర్డర్లు ఎన్ని ఉంటాయని మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ వేసుకున్న అంచనా: 1. నిజంగా వచ్చినవి: 2,80,000. ఒక్క వరుసే కదా అనుకుని అది నెస్టెడ్ లూప్ ఎంచుకుంది. అంటే, ఇటు వచ్చిన ఒక్కో వరుసకీ అటు టేబుల్‌లోకి విడిగా వెళ్లి వెతకడం. ఒక్కసారికి అది చాలా చవక. రెండు లక్షల ఎనభై వేల సార్లు వెళ్తే తెల్లారిపోతుంది.

దారి ఎంచుకునే ప్లానర్ తప్పేమీ లేదు. టేబుల్‌లో ఏ విలువలు ఎన్నున్నాయన్న గణాంకాలు చూసి, ఒక్కో దారికీ అయ్యే ఖర్చు లెక్కగట్టి, చవకైనది పట్టుకోవడం దాని పని. 1979లో ఐబీఎం వారి ప్రయోగాత్మక డేటాబేస్ సిస్టమ్ ఆర్ మీద పట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు రాసిన పరిశోధన పత్రం చూపిన పద్ధతి అదే. మా గణాంకాలే పాతవి, రాత్రి వచ్చి పడిన తేదీ వాటిలో లేనే లేదు. పోస్ట్‌గ్రెస్ తనంతట తాను గణాంకాలు తాజా చేసుకోవాలంటే, డిఫాల్ట్ సెట్టింగులో టేబుల్‌లో దాదాపు పది శాతం మారాలి. నాలుగు కోట్లలో పది శాతం అంటే నలభై లక్షలు. రోజుకు మూడు లక్షల చొప్పున దాదాపు రెండు వారాలు! గణాంకాలను తాజా చేసే ఎనలైజ్ కమాండ్ ఒక్కసారి నడిపాక ప్లాన్ హ్యాష్ జాయిన్‌కి (ఒక టేబుల్‌ని ఒక్కసారి చదివి మెమరీలో పట్టిక కట్టుకుని కలపడం) మారి, రిపోర్టు మళ్లీ ఇరవై సెకన్లలో వచ్చింది. క్వెరీలో ఒక్క అక్షరం మార్చలేదు. ఆ తర్వాత రాత్రి లోడు చివర్లో ఎనలైజ్ చేర్చాం, ఆ ఒక్క టేబుల్‌కీ పది శాతాన్ని ఒక శాతానికి తగ్గించాం. పెద్ద టేబుళ్ల గురించి రాసేవాడు ఈ లెక్క తప్పకుండా చూపించాలి. చిన్న టేబుల్ మీద నేర్చుకున్నవాడికి ఇది తట్టదు.

ఇక ఇండెక్స్. పుస్తకం చివరి పదసూచిక లాంటిదని రాసి వదిలేశావు. మనవాళ్లకి ఇంకా దగ్గరి పోలిక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 55వ సెక్షన్ సూచికలు వేర్వేరుగా ఉంచమంటుంది. మొదటిది మనుషుల పేర్లతో, రెండోది ఆస్తి వివరాలతో. దస్తావేజు ఒకటే, దాన్ని చేరే దారులు రెండు. సర్వే నంబరు మాత్రమే తెలిసి ఈసీకి వెళ్లినవాడికి పేర్ల సూచిక ఏం పనికొస్తుంది? అలాగే, ప్రతి కొత్త దస్తావేజునీ ఆ రెండింట్లోనూ ఎక్కించాల్సిందే. ఇండెక్సులు పెరిగేకొద్దీ ఇన్సర్టులు ఎందుకు మందగిస్తాయో పాఠకుడికి ఇక వేరే చెప్పక్కర్లేదు.

నీ మూడో ఉదాహరణలో తేదీ కాలమ్‌ని డేట్ ఫంక్షన్‌లో చుట్టి, ఇండెక్స్ ఉన్నా పనిచేయడం లేదన్నావు. అక్కడ కారణం రాయి: ఇండెక్స్‌లో ఉన్నది కాలమ్ విలువల వరుస, ఫంక్షన్ ఇచ్చే విలువల వరుస కాదు. సర్వే నంబర్ల వరుసలో ఉన్న సూచిక ముందు నిలబడి, ‘చివరి అంకె 7 ఉన్నవన్నీ చూపించండి’ అంటే గుమాస్తా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పాలి. కాలమ్‌ని ముట్టుకోకుండా ‘ఈ అర్ధరాత్రి నుంచి, రేపటి అర్ధరాత్రికి ముందు దాకా’ అని రాస్తే సరిగ్గా ఆ పేజీ దగ్గరికే వెళ్తుంది. ఎనిమిది కేబీల పేజీలో కొన్ని వందల కీలు (వెతికే విలువలు) పడతాయి కాబట్టి, నాలుగు కోట్ల వరుసలున్నా ఇండెక్స్‌లో మూడు నాలుగు పేజీలు దిగితే చాలు. బేయర్, మెక్‌క్రైట్ అనే పరిశోధకులు 1970 ప్రాంతంలో బోయింగ్‌లో ఉండగా కనిపెట్టిన బీ-ట్రీ అనే ఇండెక్స్ అమరిక చలవ అది. నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఒక హెచ్చరిక మాత్రం వ్యాసం మొదట్లోనే పెట్టు. ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ క్వెరీని నిజంగానే నడుపుతుంది. దాని వెనక డిలీట్ ఉంటే వరుసలు నిజంగానే పోతాయి. బిగిన్ చెప్పి, చూసి, రోల్‌బ్యాక్ (చేసినదంతా వెనక్కి తీసుకోవడం) చేయమని రాయి. నీది చదివి ఎవరి డేటా అయినా పోతే మనిద్దరం తట్టుకోలేం.

ఈసారి ప్లాన్ మొత్తం అతికించి పంపు. లూప్స్ (ఆ అడుగు ఎన్నిసార్లు నడిచిందో) అన్న అంకె కత్తిరించకు. పోస్ట్‌గ్రెస్ చూపించే వరుసలు, సమయం ఒక్కో లూప్‌కి సగటు, లూప్స్‌తో హెచ్చించుకుంటేనే అసలు సంగతి తెలుస్తుంది. ఆదివారం పొద్దున ఖాళీగానే ఉంటాను, ఫోన్ చెయ్యి. ఇద్దరం కలిసి లైను లైనూ చదువుదాం.

నీ అన్నయ్య